అక్రాలో ఆకుమందులు: కొత్తగా వచ్చినవాళ్ళకి

అక్రాలో దిగిన కొద్ది రోజులకే ఎవరో ఒకరు మీకు కషాయం తాగమంటారు. ఆఫీసు డ్రైవరు కావచ్చు, పక్కింటి ఆంటీ కావచ్చు. ఘానాలో ఆకుమందు పల్లెలకే పరిమితం కాదు. మకోలా మార్కెట్లో బెరళ్ళు, వేళ్ళు కట్టలు కట్టి అమ్ముతారు. ట్రోట్రోలనే షేర్ వ్యాన్ల స్టాండ్లలో ఒకాయన నిలబడి, నడుం నొప్పి నుంచి మగతనం దాకా అన్నిటికీ ఒకే సీసా చూపిస్తాడు. ఆయన మాటలు సరదాగా వినండి, సీసా మాత్రం కొనకండి.

మొదట జ్వరం సంగతి. ఇక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా. స్థానికులకి చిన్నప్పటినుంచి మళ్ళీ మళ్ళీ సోకడం వల్ల కొంత తట్టుకునే శక్తి వస్తుంది. మనకి అది ఉండదు. అందుకే వాళ్ళు వేపాకు కషాయంతోనో, నిబిమా అనే మొక్క వేరు కషాయంతోనో రెండు రోజులు చూస్తామంటే మీరు వాళ్ళలా ఆగకూడదు. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించండి. నిబిమా మీద పరిశోధన గట్టిగానే జరిగింది, మలేరియా క్రిమి మీద దాని ప్రభావం ల్యాబుల్లో తేలింది కూడా. కానీ మార్కెట్లో కొన్న వేరులో మందు ఎంతుందో, ఎంత కాచాలో ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

వేప ఇక్కడ ప్రతి వీధిలో కనిపిస్తుంది. మనకి తెలిసిన చెట్టే కదా అని పసిపిల్లలకి వేపనూనె తాగించకండి. అది ప్రాణం మీదకి తెస్తుంది. గర్భిణులు ఏ కషాయమైనా డాక్టర్ని అడిగాకే తాగాలి. వాళ్ళకి తినమని అమ్మే అయిలో అనే తెల్ల సుద్దముక్కలూ వద్దు, వాటిలో సీసం ఉండే ప్రమాదముంది. పిల్లలకి మలబద్ధకమైతే మిరియాలో అల్లమో కలిపిన నీళ్ళతో ఎనిమా ఇచ్చే అలవాటు ఇక్కడి ఇళ్ళల్లో ఉంది. ఆయా ఆ మాటెత్తితే నవ్వుతూనే గట్టిగా వద్దనండి.

వంటింటి వైపు మాత్రం భయపడాల్సిన పని లేదు. సోబోలో అని ఎర్రగా అమ్మే పానీయం గోంగూర పువ్వుల కింది ఎర్రటి దళాలతో చేసిందే, అల్లం కూడా వేస్తారు. మన నాలుకకి ఇట్టే పట్టేస్తుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు రోజూ పెద్ద గ్లాసుడు తాగకపోవడమే మేలు, ఎందుకంటే అదీ కొంచెం బీపీ తగ్గిస్తుంది. షుగరున్నవాళ్ళు చక్కెర వేయనిది అడగండి. ప్రెకెసే అనే నాలుగు పలకల ముదురురంగు కాయని సూపుల్లో వేస్తారు. దాని వాసన తీపిగా, గాఢంగా ఉంటుంది. నా మాట విని ఒకసారి పల్చటి చారులో ముక్క వేసి చూడండి.

వైద్యుడి దగ్గరికే వెళ్ళాలనుకుంటే ఎంచుకుని వెళ్ళండి. 2000లో చేసిన 575వ చట్టం ప్రకారం సంప్రదాయ వైద్యులు ట్రెడిషనల్ మెడిసిన్ ప్రాక్టీస్ కౌన్సిల్ దగ్గర నమోదు కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగడం తప్పేం కాదు. ముందు పలకరించండి, కుడిచేత్తోనే డబ్బివ్వండి, 'మెదాసే' అని థాంక్స్ చెప్పండి. సీసా మందైతే లేబుల్ మీద ఎఫ్‌డీఏ (ఘానా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ చూడాలి. బిట్టర్స్ పేరుతో అమ్మే చేదు ఆకుమందు సీసాల్లో చాలావరకు సారా ఉంటుంది, మద్యం ముట్టనివాళ్ళు గమనించండి.

కుమాసిలోని క్వామె ఎన్‌క్రూమా యూనివర్సిటీలో హెర్బల్ మెడిసిన్ డిగ్రీ ఉంది. అక్కడ చదివినవాళ్ళు కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఆకుమందుల విభాగాల్లో పనిచేస్తున్నారు. నా ఓటు మాత్రం మాంపాంగ్ అనే ఊరికి. డాక్టర్ ఓకు అంపోఫో చొరవతో 1975లో మొదలైన మొక్కల మందుల పరిశోధన కేంద్రం అక్కడే ఉంది, దానికి సొంత క్లినిక్ కూడా ఉంది. అక్రా నుంచి కొండెక్కి అబురి దాటి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు మీ పాత రిపోర్టులు, వాడుతున్న మాత్రల చీటీ పట్టుకెళ్ళండి.