కుక్కను నడకకు తీసుకెళ్లడానికి బెల్టు, హార్నెస్, పగ్గం ఎలా ఎంచుకోవాలి?

నల్లగొండలో తెల్లవారుతుండగా ఎన్జీ కాలేజీ మైదానానికో, పానగల్ ఉదయసముద్రం కట్ట మీదికో వెళ్తే మనుషులతో పాటు కుక్కలూ నడకకు వచ్చి కనిపిస్తాయి. చాలావాటి మెడలో ఇనుప గొలుసే ఉంటుంది. కుక్క ముందుకు లాగుతుంది, మనిషి వెనక్కి లాగుతాడు, మధ్యలో దాని గొంతులోంచి గురక వంటి చప్పుడు వస్తుంది.

మా బంటికీ మొదట గొలుసే కొన్నాను. ఒక ఆదివారం స్నానం చేయించబోతూ దాన్ని తీసి చూస్తే, కింద వేలెడు వెడల్పున బొచ్చు ఊడిపోయి చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఆ కందిన చోటే రెండు పిడుదులు శనగగింజల్లా ఉబ్బి అతుక్కున్నాయి. గొలుసు ఆ రోజే మూలన పడింది. తర్వాత నేర్చుకున్నది వరుసగా చెబుతాను.

ముందు కొలతలు

దుకాణానికి వెళ్లే ముందే ఇంట్లో కొలుచుకోండి. మెడ చుట్టుకొలత, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, బరువు, ఈ మూడూ కావాలి. టేపు లేకపోతే దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద కొలవండి. బరువు కోసం మీరొక్కరే తూగి, తర్వాత కుక్కను ఎత్తుకొని తూగి, తేడా చూడండి. ‘ల్యాబ్రడార్‌కు ఒకటివ్వండి’ అని అడిగితే సరైనది దొరకదు. ల్యాబ్రడార్లలోనే 25 కిలోలవీ ఉంటాయి, 35 కిలోలవీ ఉంటాయి. మీడియం అని ముద్రించినా ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది.

మెడ బెల్టు

బల్లపరుపుగా ఉండే నైలాన్ లేదా మెత్తని తోలు బెల్టు చాలు. పెద్ద కుక్కకు అంగుళం వెడల్పు ఉండాలి. సన్న బెల్టు లాగినప్పుడు మెడలోకి దిగుతుంది. బెల్టు పెట్టాక కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి, మూడో వేలికి చోటు ఉండకూడదు. పిల్ల అయితే వారానికొకసారైనా ఇలా చూడాలి, అది ఎదుగుతున్నంత కాలం బెల్టు బిగుస్తూనే ఉంటుంది. బెల్టు మీద మీ ఫోన్ నంబరు చెక్కించండి. కుక్క పేరు లేకపోయినా ఫరవాలేదు, నంబరు తప్పనిసరి.

ముధోల్ హౌండ్ వంటి సన్నని తల, పొడవాటి మెడ ఉన్న కుక్కలకు మామూలు బెల్టు తల మీదుగా జారిపోతుంది. వాటికి లాగినప్పుడు కొద్దిగా మాత్రమే బిగిసి ఆగిపోయే మార్టింగేల్ బెల్టు నయం.

హార్నెస్

ఛాతీకీ వీపుకూ చుట్టి తొడిగే పట్టీల జత ఇది. డబ్బు పెట్టదలిస్తే దీని మీద పెట్టండి. బెల్టుతో పడే లాగుడంతా గొంతు మీద పడుతుంది, హార్నెస్‌తో ఛాతీ మీద పడుతుంది. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు అసలే ఊపిరి కష్టం. వాటి పగ్గం మెడకు కట్టనే కూడదు.

ముందు నుంచి చూస్తే పట్టీలు ఇంగ్లిషు వై అక్షరంలా ఛాతీ మధ్యకు దిగే హార్నెస్ తీసుకోండి. ఛాతీకి అడ్డంగా ఒకే పట్టీ ఉన్నది భుజాల కదలికకు అడ్డు పడుతుంది. పగ్గం తగిలించే రింగు వీపు మీద ఒకటి, ఛాతీ ముందు ఒకటి ఉండాలి. వీపు రింగుకే కడితే బలమైన కుక్క బండి లాగే ఎద్దులా ఛాతీ ఆనించి మరింత లాగుతుంది. ముందు రింగుకు కడితే, లాగగానే దాని ఒళ్లు మీవైపు తిరుగుతుంది.

తొడిగాక చంకల దగ్గర వేళ్లు పెట్టి చూడండి. పట్టీ అక్కడ ఒరుసుకుంటే వారంలో పుండవుతుంది. మొదటి రోజే తొడిగి బయటికి తీసుకెళ్లవద్దు. ఇంట్లోనే తల దూర్చినందుకు ఒక మాంసం ముక్క, బకిల్ పెట్టనిచ్చినందుకు ఇంకో ముక్క ఇస్తూ రెండు మూడు రోజులు అలవాటు చేయండి. ఇంటికి రాగానే విప్పేయండి.

వినాయక నిమజ్జనం నాటి సంగతి చెప్పాలి. డప్పుల మోతకు బంటి బెదిరి వెనక్కి వెనక్కి నడిచింది. బెల్టు చెవుల మీదుగా జారి నా చేతిలో ఖాళీగా మిగిలింది. గంటసేపు వెతికితే ఆగి ఉన్న ఆటో కింద వణుకుతూ దొరికింది. అప్పటి నుంచి పండుగ రోజుల్లో పగ్గం హార్నెస్‌కూ బెల్టుకూ రెండింటికీ తగిలిస్తాను. బెదురు కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇలా చేయమని బతిమాలి చెబుతున్నాను.

పగ్గం

అయిదారు అడుగుల నైలాన్ లేదా నూలు పగ్గం వాడండి. చేతికి చుట్టుకోవద్దు, కుక్క ఒక్కసారి ఉరికితే మణికట్టు బెణుకుతుంది. పిడిలో బొటనవేలు దూర్చి, మిగతాది మడిచి గుప్పిట్లో పట్టుకోండి. బటన్ నొక్కితే సాగే పగ్గాలు మన బజార్లలో నడవడానికి పనికిరావు. స్కూటరు అడ్డు వచ్చిన క్షణంలో కుక్క పదిహేను అడుగుల దూరంలో ఉంటుంది, సన్నని తాడు కాలికి చుట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది.

‘ఇటు రా’ అంటే రావడం నేర్పడానికి పది మీటర్ల తాడు కావాలి. మామూలు నూలు తాడుకు గట్టి హుక్కు కట్టించుకుంటే సరిపోతుంది. దీన్ని హార్నెస్ వీపు రింగుకే కట్టండి. పది మీటర్లు పరుగెత్తి ఆగిన కుదుపు మెడ మీద పడితే గాయమవుతుంది.

నేర్పడానికి కావలసినవి

నడుముకు ఒక చిన్న సంచి, అందులో శనగగింజంత ఉడికిన కోడి మాంసం ముక్కలు. ఉల్లిపాయ తగిలినవి, ఎండుద్రాక్ష, చాక్లెట్ వద్దు, ఇవి కుక్కలకు విషం. నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, క్లిక్కర్, ఉంటే మంచిదే, లేకపోతే ‘భేష్’ అనే మాట చాలు. మాట అన్న వెంటనే ముక్క అందాలి.

పద్ధతి ఇది. పగ్గం బిగుసుకోగానే మీరు ఉన్నచోటే ఆగిపోండి. లాగవద్దు, అరవవద్దు. కుక్క వెనక్కి చూసి పగ్గం వదులైన క్షణాన భేష్ అని, మీ కాలి పక్కన ముక్క ఇచ్చి నడవండి. మొదటి రోజు వీధి చివరికి చేరడానికే అరగంట పట్టవచ్చు, చేరకపోయినా మంచిదే. ఇంట్లో నడిపించే వాళ్లందరూ ఇదే పాటించాలి. నాన్న ఆగి, కొడుకు లాగనిస్తే కుక్కకు ఏ పాఠమూ అందదు.

మూతి చిక్కం

పశువైద్యశాలకు వెళ్లేటప్పుడు అవసరం కావచ్చు. దుక్కి దున్నే ఎద్దుకు కట్టే చిక్కంలా గాలి ఆడే బుట్టను ఎంచుకోండి. లోపల నోరు తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. మూతిని బిగించే గుడ్డ పట్టీతో నడక వద్దు, రొప్పలేని కుక్క ఒంటి వేడి దించుకోలేదు.

కొనకూడనివి

బిగుసుకునే చోక్ చైను, ముళ్ల బెల్టు, కరెంటు షాక్ ఇచ్చే బెల్టు కొనవద్దు. నొప్పికి భయపడి ఆగిన కుక్క ఎదుటి మనిషినో కుక్కనో ఆ నొప్పికి కారణమనుకొని కరవడం నేర్చుకోవచ్చు. ఇంటి దగ్గర కట్టే గొలుసు సంగతీ తెలుసుకోండి. మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో జంతువును ఎక్కువసేపు కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

ఎండాకాలంలో

మన దగ్గర మే నెలలో తారు రోడ్డు ఎనిమిదింటికే కాలుతుంది. అరచేతి వెనక భాగాన్ని అయిదు సెకన్లు రోడ్డు మీద ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే అది దాని పాదాలకూ కాలుతుంది. సూర్యోదయానికి ముందే బయల్దేరండి, వెంట నీళ్ల సీసా, ఒక గిన్నె ఉంచుకోండి.

ప్రతి ఆదివారం హార్నెస్ కుట్లు వేళ్లతో లాగి చూడండి, హుక్కును పదిసార్లు నొక్కి వదలండి. హుక్కు నాలుక పూర్తిగా మూసుకోకపోతే ఆ పూట నడక ఆపి, కొత్త పగ్గం కొన్నాకే బయల్దేరండి.