జబ్బు వస్తుందేమోనన్న భయాన్ని కొలవడం ఎలా?

మెడ దగ్గర చిన్న గడ్డ చేతికి తగిలితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నాక కూడా వేళ్లు రోజంతా అక్కడికే పోతుంటే మాత్రం కొలవాల్సింది గడ్డను కాదు, భయాన్ని.

1. ముందు అసలు ముప్పు ఉందేమో తేల్చుకోండి. కుక్క కరిస్తే భయం లెక్కలు వద్దు. గాయాన్ని సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లండి. కొత్త లక్షణం ఏదైనా కనిపిస్తే డాక్టర్‌కు చూపించుకోండి. ఆ తర్వాత కూడా వదలని భయానికే ఈ పద్ధతి.

2. ఒక వారం పాటు, భయం వేసిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాయండి: టైమ్, దేనివల్ల మొదలైంది, 0 నుంచి 100లో ఎంత, అప్పుడేం చేశారు. ఇలాగన్నమాట: "రాత్రి 10:40. వాట్సాప్‌లో క్యాన్సర్ మెసేజ్. 70. మెడ తడుముకున్నాను, యూట్యూబ్‌లో వెతికాను, అమ్మను అడిగాను."

3. గంట తర్వాత మళ్లీ అంకె వేయండి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తడుముకోగానే 70 కాస్తా 40కి దిగి, గంట తిరిగేసరికి 80కి ఎక్కిందంటే, ఆ తడుముకోవడమే భయాన్ని పెంచుతోంది. పైగా పదేపదే నొక్కితే ఆ చోటు నొప్పి పుడుతుంది. ఆ నొప్పి మరో కొత్త అనుమానం.

4. తప్పించుకున్నవీ రాయండి. రిపోర్టు కవరు విప్పకపోవడం, ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని చూడ్డానికి వెళ్లకపోవడం కూడా భయమే. ఇలాంటివాళ్లు పైకి ధైర్యంగానే కనిపిస్తారు, అందుకే ఇంట్లోవాళ్లు కూడా గమనించరు.

5. నిపుణుల దగ్గర ప్రశ్నావళులు ఉన్నాయి. సైకియాట్రిస్టు పిలోవ్‌స్కీ 1967లో ప్రచురించిన, జబ్బు భయాన్ని కొలిచే వైట్లీ ఇండెక్స్‌లో 14 ప్రశ్నలు, అవును లేదా కాదు అని జవాబులు. 2020లో కోవిడ్ భయం కోసం వచ్చిన స్కేల్‌లో 7 వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 7 నుంచి 35. స్కోరు ఎక్కువ వచ్చినంత మాత్రాన మానసిక వ్యాధి ఉన్నట్టు కాదు. దాన్ని సైకియాట్రిస్టో సైకాలజిస్టో మాట్లాడి తేల్చాలి.

ఆరు నెలలకు పైగా ఈ ఆలోచనే పట్టి పీడిస్తుంటే, నిద్ర, పని చెడుతుంటే ఆ నోట్‌బుక్ తీసుకుని వాళ్ల దగ్గరికి వెళ్లండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.