సినాప్టిక్‌లో ఎర్రర్ వస్తే ఏం చూడాలి, ఏం చేయాలి

పాత డెస్క్‌టాప్ మీద లినక్స్ మింట్ వేసుకుని, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) జోలికి పోకుండా, మౌస్‌తో నొక్కే ప్యాకేజీ మేనేజర్ సినాప్టిక్‌తోనే సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకునేవాళ్లు మన వైజాగ్‌లో ఉన్నారు, ఇది వాళ్ల కోసం. ఎర్రర్ బాక్స్ రాగానే టెన్షన్ పడి ఓఎస్ మొత్తం మళ్లీ వేయించుకోకండి, ముందు ఆ మెసేజ్ చదవండి. సినాప్టిక్ పైకి కనిపించే భాగం మాత్రమే. అసలు పని కింద ఆప్ట్ (apt), డీపీకేజీ (dpkg) అనే ప్రోగ్రాములు చేస్తాయి కాబట్టి సినాప్టిక్‌ని తీసేసి మళ్లీ వేసినా ఆ ఎర్రర్ పోదు.

తెరవగానే లాక్ దొరకలేదంటోంది

వెనకాల అప్‌డేట్ మేనేజరో, ఆటోమేటిక్ అప్‌డేటో నడుస్తోందని అర్థం. అది అయ్యేదాకా ఆగండి, అంతే. లాక్ ఫైల్ డిలీట్ చేసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, ఆ పని మాత్రం చేయొద్దు: రెండు ప్రోగ్రాములు ఒకే డేటాబేస్‌లో ఒకేసారి రాయకుండా ఆపుతున్నది ఆ లాకే.

ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయింది

మనకి ఎక్కువగా వచ్చేది ఇదే. సాయంత్రం గాలివాన మొదలైంది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, లిబ్రేఆఫీస్ సగంలో ఉండగా మెషిన్ ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి సినాప్టిక్ తెరిస్తే 'డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్' అంటుంది. ప్యాకేజీ ఫైళ్లు డిస్క్ మీదకి వచ్చాయి గానీ సెట్టింగ్ పూర్తి కాలేదు, కారణం అదే. ఈ ఒక్కసారికి టెర్మినల్ తెరవాలి, భయం లేదు, టైప్ చేయాల్సిన కమాండ్ ఆ మెసేజ్‌లోనే ఉంటుంది, దాని ముందు సుడో (sudo, అడ్మిన్ హక్కుతో నడపమని చెప్పే మాట) లేకపోతే చేర్చి ఉన్నదున్నట్టు కొట్టండి. మధ్యలో పాత కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ ఉంచాలా, కొత్తది వేయాలా అని అడిగితే ఉత్తి ఎంటర్ నొక్కండి, మామూలుగా మీ పాతదే ఉంటుంది.

తర్వాత సినాప్టిక్‌లో ఎడిట్ మెనూకి వెళ్లి ఫిక్స్ బ్రోకెన్ ప్యాకేజెస్, ఆపైన అప్లై. అప్లై నొక్కగానే ఒక చిన్న లిస్ట్ వస్తుంది, చాలామంది చూడకుండా ఓకే కొట్టేస్తారు. అందులో 'తీసేయబోయేవి' అన్న వరసని తప్పకుండా చదవండి. సినమన్ లాంటి డెస్క్‌టాప్ పేరు గానీ, మీరు రోజూ వాడేది గానీ అక్కడ కనిపిస్తే క్యాన్సిల్ చేసేయండి.

నెట్ బాగానే ఉంది, రీలోడ్ మాత్రం ఫెయిలవుతోంది

రీలోడ్ అంటే సర్వర్ నుంచి ప్యాకేజీల లిస్ట్ తాజాగా తెచ్చుకోవడం. మెసేజ్‌లో 'నాట్ వాలిడ్ యెట్' అని ఉంటే స్క్రీన్ మూలన తేదీ చూడండి. పాత మదర్‌బోర్డు మీద నాణెం బ్యాటరీ అయిపోతే, ప్లగ్ దగ్గర స్విచ్ ఆపిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, అప్పుడు రిపాజిటరీ (ప్యాకేజీలు ఉండే సర్వర్) ఫైలు ఇంకా పుట్టలేదని ఆప్ట్ అనుకుంటుంది. టైమ్ సరిచేసి రీలోడ్ కొడితే పనవుతుంది, కానీ బ్యాటరీ మార్చకపోతే మళ్లీ ఇదే గోల. చాలా బోర్డుల్లో ఉండేది సీఆర్2032, ద్వారకానగర్ కంప్యూటర్ షాపుల్లో అడగండి.

404 (ఫైలు దొరకలేదు) వస్తే మీ దగ్గరున్న లిస్ట్ పాతబడిందన్నమాట, రీలోడ్ చాలు. హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ (దిగిన ఫైలు లిస్ట్‌లో ఉన్నదానితో సరిపోలేదని) అయితే కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి, లేదా సెట్టింగ్స్‌లో రిపాజిటరీస్‌కి వెళ్లి సర్వర్ మార్చండి. కాలేజీ ల్యాబ్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ కూడా చూడాలి, ప్రాక్సీ (ల్యాబ్ నెట్‌ని బయటికి కలిపే సర్వర్) అడ్రస్ ఇచ్చేది అక్కడే.

వేసిన యాప్ సినాప్టిక్‌లో వెతికినా కనిపించట్లేదు

అది ఫ్లాట్‌ప్యాక్ (ఆప్ట్‌తో సంబంధం లేకుండా విడిగా వచ్చే యాప్ రకం) అయి ఉంటుంది. సినాప్టిక్ వాటిని చూపించదు, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి.

ఇవేవీ పనిచేయక ఎవరినైనా అడగాల్సి వస్తే, ఫైల్ మెనూలో హిస్టరీ తెరిచి చివరి తేదీన ఏం ఎక్కిందో, ఏం పోయిందో కాపీ చేసి, ఎర్రర్ మెసేజ్‌తో కలిపి పంపండి.