గొంతుతోనే ఊరించాలి: హార్డ్ కౌంట్ వేసే పిల్లలకీ, వాళ్ల తల్లిదండ్రులకీ జాగ్రత్తలు

ఆగస్టు వచ్చిందంటే టెక్సస్‌లో స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీసులు మొదలైపోతాయి. మన తెలుగు ఇళ్లలోనూ ఇప్పుడు ఈ ఆట ఆడే పిల్లలు కనిపిస్తున్నారు. మా అబ్బాయి సెంటర్. అంటే, వంగి నిలబడి నేల మీది బంతిని కాళ్ల మధ్య నుంచి వెనకుండి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కి అందించేవాడు. ఆ అందించడాన్నే స్నాప్ అంటారు. ఈ సీజన్‌లో మీ పిల్లాడి జట్టు హార్డ్ కౌంట్ వాడబోతుంటే, ముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నాకు ఇవి ఆలస్యంగా తెలిశాయి.

హార్డ్ కౌంట్ అంటే ఇదీ. స్నాప్‌కి ముందు క్వార్టర్‌బ్యాక్ "సెట్, హట్, హట్" అని కూత వేస్తాడు. ఎన్నో హట్‌కి బంతి కదలాలో తన జట్టుకి ముందే చెప్పి ఉంచుతాడు. ఎదుటి జట్టుకి అది తెలియదు. బంతి రెండో హట్‌కి కదలాల్సి ఉంటే, మొదటిదాన్నే ఉన్నట్టుండి గట్టిగా అరుస్తాడు. ఆట మొదలైందనుకుని ఎదుటివాడు బంతి దగ్గరి గీత దాటి దూకుతాడు. అది ఆఫ్‌సైడ్, 5 యార్డుల పెనాల్టీ. 10 యార్డులు ముందుకెళ్లడానికి జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. నాలుగో డౌన్‌లో ఇంకా 3 యార్డులు కావాల్సిన జట్టుకి, అడుగు వేయకుండానే ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు, వచ్చేస్తుంది. ప్రొఫెషనల్ లీగ్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 2014 జనవరి ప్లేఆఫ్‌లో శాన్ డియేగో ఛార్జర్స్ మీద తన కూతలో "ఒమాహా" అని 44 సార్లు అరిచాడని లెక్కపెట్టారు. ఆ రోజు ఛార్జర్స్ పదేపదే తొందరపడి గీత దాటారు. పిల్లలు అలాంటివి చూసి నేర్చుకుంటారు, తప్పు లేదు. కానీ మానింగ్ ముందు వంగినవాడు ఏళ్ల తరబడి ఆ కూత విన్న మనిషి. మన పిల్లాడికి పదమూడేళ్లు.

ముందుగా కోచ్‌ని అడగాల్సింది, మీ లీగ్ ఏ రూల్ పుస్తకం ప్రకారం ఆడుతుందని. మేం ఒహాయో నుంచి ఇక్కడికి మారినప్పుడు ఈ ఒక్క తేడా మమ్మల్ని బాగా తికమకపెట్టింది. చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ ఆటకి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూల్ ఆటల జాతీయ సమాఖ్య) రూల్స్ ఉంటాయి. అక్కడ సెంటర్ బంతి మీద చేయి వేశాక డిఫెన్స్‌వాడు (బంతి లేని జట్టువాడు) గీత దాటితే వెంటనే విజిల్. ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. దాటినవాడు వెనక్కి పరిగెత్తినా లాభం లేదు. టెక్సస్ స్కూళ్లు కాలేజీ రూల్స్‌నే కొన్ని మార్పులతో వాడతాయి. ఇక్కడ దాటినవాడు ఎవరినీ తాకకుండా, ఎవరినీ ఉలిక్కిపడేలా చేయకుండా స్నాప్‌కి ముందే వెనక్కి వెళ్లిపోతే తప్పు లేదు. వెళ్లేలోపు స్నాప్ జరిగితే ఫ్లాగ్ (తప్పు జరిగిందని రెఫరీ విసిరే గుడ్డ) పడుతుంది, ఆట మాత్రం చాలాసార్లు సాగుతూనే ఉంటుంది. అదే ఫ్రీ ప్లే. క్వార్టర్‌బ్యాక్ ఏరన్ రాడ్జర్స్ ఇలా దొరికిన ఆటల్లో దూరపు పాస్‌లు వేసి పేరు తెచ్చుకున్నాడు.

తేడా తెలియని పిల్లాడు ఏం చేస్తాడు? ఫ్లాగ్ చూసి ఆట అయిపోయిందనుకుని నిటారుగా నిలబడిపోతాడు. పక్కనున్నవాళ్లు పూర్తి వేగంతో ఆడుతూనే ఉంటారు. ఒళ్లు వదులు చేసి నిలబడ్డవాడికి తగిలే దెబ్బే గట్టి దెబ్బ. అందుకే మా ఇంట్లో ఒకటే మాట: విజిల్ వినపడేదాకా ఆట అవలేదు.

రెండోది అఫెన్స్ (బంతి ఉన్న జట్టు) పిల్లలకి. ఊరించడం గొంతుతోనే జరగాలి. కబడ్డీ చూస్తూ పెరిగిన మనకి భుజం ఎగరేసి, కాలు విదిల్చి ఎదుటివాణ్ణి కదిలించడం తప్పనిపించదు. ఇక్కడ అదే తప్పు. క్వార్టర్‌బ్యాక్ అరుస్తూ తల ఒక్కసారిగా ఊపినా, సెంటర్ పక్కనుండే గార్డ్ నేల మీద పెట్టిన చేయి లేపినా ఫాల్స్ స్టార్ట్, అంటే స్నాప్‌కి ముందే కదిలిన తప్పు. వరస మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలినా అంతే. 5 యార్డులు మనవే పోతాయి. నాలుగో డౌన్‌లో 2 కావాల్సింది 7 అవుతుంది. సెంటర్‌కైతే ఇంకా కట్టడి ఎక్కువ. బంతిని స్నాప్ చేస్తున్నట్టు కదిపి ఆపకూడదు. కదిపితే ఒకే ఊపులో వెనక్కి వెళ్లాల్సిందే.

క్వార్టర్‌బ్యాక్‌గా ఆడే పిల్లాడు అరుస్తున్నప్పుడు ఫోన్‌తో పక్కనుంచి వీడియో తీయండి. గొంతు పెంచేటప్పుడు మెడ ముందుకు పోవడం పిల్లలకి తెలియకుండానే జరుగుతుంది. చూపిస్తే గానీ నమ్మరు.

ఇక అన్నిటికన్నా ప్రమాదమైనది, అసలు స్నాప్ చేయకూడదనుకుని వేసే హార్డ్ కౌంట్. ఎదుటివాళ్లు దూకితే సరి, దూకకపోతే టైమ్‌అవుట్ తీసుకోవడమో, 5 యార్డులు పోయినా పర్వాలేదని స్నాప్‌కి ఇచ్చిన టైమ్ అయిపోనివ్వడమో ప్లాన్. పోయిన ఏడాది నాలుగో డౌన్, 2 యార్డులు. మూడుసార్లు అరిచారు, ఎవరూ దూకలేదు. క్వార్టర్‌బ్యాక్ టైమ్‌అవుట్ అడగడానికి రెఫరీ వైపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే మావాడి చేయి కదిలింది. బంతి ఆ అబ్బాయి మోకాలికి తగిలి పక్కకి దొర్లింది. దాని మీద ఐదారుగురు పడ్డారు, అందరికన్నా కింద మావాడు. లేచాడు కానీ కుడి చేతి బొటనవేలు వాచిపోయింది.

కారులో అడిగాను, "నో స్నాప్ అని చెప్పలేదా నీకు?"

"చెప్పారు నాన్నా. కానీ ఆ గోలలో నాకు వేరేలా వినపడింది. నేను మళ్లీ అడగలేదు."

అప్పట్నుంచి వాళ్ల హడిల్‌లో (ప్రతి ఆటకీ ముందు జట్టు గుమిగూడి మాట్లాడుకునే చోట) చిన్న పద్ధతి పెట్టుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ కౌంట్ రెండుసార్లు చెబుతాడు, సెంటర్ దాన్ని పైకి తిరిగి చెబుతాడు. చెప్పకపోతే హడిల్ విడిపోదు. క్వార్టర్‌బ్యాక్ కూడా టైమ్‌అవుట్ వచ్చేదాకా బంతి మీద నుంచి కళ్లు తిప్పడు. మీ కోచ్‌ని ఇది అడగడానికి మొహమాటపడకండి.

ఎక్కడ వాడాలన్నదీ ముఖ్యమే. 5 యార్డులు, అంతకన్నా తక్కువ కావాల్సినప్పుడే దీనివల్ల ఫస్ట్ డౌన్ వస్తుంది. సొంత గోల్ లైన్ దగ్గర దీని జోలికి పోకపోవడమే మంచిది. అక్కడ స్నాప్ తప్పితే పోయేది 5 యార్డులు కాదు, పాయింట్లే. మాటిమాటికీ వాడితే ఎదుటివాళ్ల కన్నా మనవాళ్లే ముందు కదిలిపోతారు, ఇది నేను చాలా మ్యాచ్‌ల్లో చూశాను.

డిఫెన్స్ ఆడే పిల్లాడైతే చెవిని వదిలేసి కంటిని నమ్ముకోవాలి. చూపు బంతి మీద, లేదా సెంటర్ వేళ్ల మీద ఉండాలి. పొరపాటున దూకితే వెంటనే చేతులు వెనక్కి తీసుకుని ఆగాలి. సెంటర్ తల కిందికి ఉంటుంది, దెబ్బ వస్తోందని అతనికి కనపడదు. కోపంలో వేసే ఆ రెండో అడుగే మెడ మీద పడుతుంది. అలాగే అఫెన్స్ కూతని అనుకరించి డిఫెన్స్ అరవకూడదు. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ రూల్స్‌లో దానికి 15 యార్డులు. గట్టు మీద కూర్చున్న మనం కూడా సరదాకి "హట్" అని అరవొద్దు.

ఇంకో రకం ఎత్తు ఉంది. 2010లో కార్పస్ క్రిస్టీలో ఒక మిడిల్ స్కూల్ జట్టులో, పెనాల్టీ పడిందని పక్కనుంచి కోచ్ అరుస్తుండగా సెంటర్ బంతిని తీరిగ్గా భుజం మీదుగా క్వార్టర్‌బ్యాక్‌కి ఇచ్చాడు. ఆ క్వార్టర్‌బ్యాక్ 5 యార్డులు కొలుస్తున్నట్టు నడిచి, ఎదుటివాళ్లని దాటగానే పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. వీడియో దేశమంతా చూసింది. పెద్దవాళ్ల మాట విని నిలబడిపోయిన పిల్లల్ని అలా ఓడించడం నాకు నచ్చదు. ఇలాంటివాటిని హైస్కూల్ రూల్స్ అన్యాయమైన ఆటగానే చూస్తాయి. మీవాడితో చేయించబోతే వద్దనండి.

హెల్మెట్ సంగతి ఇంట్లోనే చూసుకోండి. తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులుగా ఉన్నట్టే. గడ్డం పట్టీ బటన్లన్నీ పెట్టాలి. కుప్పలో కిందపడి లేచాక తలనొప్పి, మసకచూపు, వికారం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏది కనపడినా ఆ రోజుకి ఆట బంద్. దెబ్బతిన్న తలతో పిల్లల్ని మళ్లీ దించకూడదని 2009లో వాషింగ్టన్ రాష్ట్రం మొదట చట్టం చేసింది, 2014 నాటికి అన్ని రాష్ట్రాలూ చేశాయి. డాక్టర్ రాసి ఇచ్చేదాకా పంపొద్దు. పిల్లాడు "బాగానే ఉన్నా నాన్నా" అంటాడు. మావాడూ అన్నాడు, వాచిన వేలు జేబులో దాచుకుని.