బూస్టర్ వద్దంటున్న ఇంటి పెద్దలతో ఎలా మాట్లాడాలి

2021లో కరోనా టీకా మొదటి డోసు కోసం పీహెచ్‌సీ ముందు తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డ మా ఊరివాళ్లే, ఏడాది తిరిగేసరికి బూస్టర్ మాటెత్తితే "ఇంకెన్ని సూదులమ్మా" అని విసుక్కున్నారు. మా ఊరొక్కటే కాదు, దేశం మొత్తం మీద రెండో డోసు 95 కోట్లు దాటితే, ప్రికాషన్ డోసు అన్న పేరుతో ఇచ్చిన మూడోది 23 కోట్ల లోపే ఆగిపోయింది. మళ్లీ అలాంటి రోజులొస్తే మన ఇంట్లో ఈ మాట ఎలా ఎత్తాలో రాస్తున్నా.

ముందు వాదన పెట్టుకోకండి. "ఎందుకు వద్దనిపిస్తోంది?" అని అడిగి, చెప్పేదాకా ఆగండి. మా పెద్దమ్మ చాన్నాళ్లు "నాకేం కాదులే" అంటూ తప్పించుకుంది. ఓ సాయంత్రం నేనూ పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే అప్పుడు బయటపెట్టింది, రెండో డోసుకు జ్వరమొచ్చి రెండు రోజులు మిరప కోతకు పోలేదట, ఆ రెండు రోజుల కూలీ పోయిందట. టీకా అంటే ఆమెకు భయమే లేదు! నేనేమో అన్నాళ్లూ యాంటీబాడీల గురించి చెబుతూ కూర్చున్నా. కోతలు అయిపోయాక తీసుకెళ్తే మారు మాట్లాడకుండా వేయించుకుంది.

కొందరికి డబ్బు సమస్య. 2022 ఏప్రిల్ 10 నుంచి 18 దాటినవాళ్లకు బూస్టర్ ఇచ్చారు గానీ, 60 లోపు వాళ్లలో చాలామంది ప్రైవేటులోనే వేయించుకోవాల్సి వచ్చింది. డోసు 225 రూపాయలు, పైన సర్వీసు చార్జి 150 వరకు, నలుగురున్న ఇంటికి లెక్కేసుకోండి. జూలై 15 నుంచి 75 రోజులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేశారు. కాబట్టి ఉచితంగా ఎక్కడ, ఎప్పటిదాకా వేస్తున్నారో ఆశా కార్యకర్తని అడిగి తెలుసుకున్నాకే ఇంట్లో మాట ఎత్తండి. ఇంకోటి, డోసు గడువు వచ్చిందనే మెసేజ్ టీకాకు రిజిస్టర్ చేసిన నంబరుకే వచ్చేది. అది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోనైతే ఊళ్లో అమ్మకు గడువు వచ్చిందనే తెలియదు, ఆ కొడుకే గుర్తుపెట్టుకుని ఫోన్ చేయాలి.

"రెండు వేసుకున్నా కరోనా వచ్చింది కదా" అంటే కాదనకండి, వచ్చింది. టీకా ఇచ్చిన రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, వైరస్ కూడా మారుతుంది, వైరస్‌తో ఎలా పోరాడాలో బూస్టర్ ఒంటికి మళ్లీ గుర్తుచేస్తుంది, జబ్బు ముదిరి ఆస్పత్రి దాకా పోయే ప్రమాదం తగ్గుతుంది. పెద్ద వయసువాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇదే ముఖ్యం. ఇక రక్తం గడ్డకడుతుందట అని అడిగితే పుకారని కొట్టిపారేయొద్దు. కొవిషీల్డ్ రకం టీకాతో చాలా అరుదుగా ఆ సమస్య వచ్చిన మాట నిజం, ఎక్కువగా మొదటి డోసు తర్వాత కొద్ది వారాల్లోనే. ఉన్నదున్నట్టు చెప్పండి, ఒక్క అబద్ధం దొరికినా మీరు చెప్పిన మిగతావేవీ నమ్మరు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ముందు డోసుకు అలర్జీ వచ్చినా మీరు సలహా ఇవ్వకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పదిమందిలో, ముఖ్యంగా కోడళ్ల ముందు, మామగారిని నిలదీయొద్దు, ఒకసారి అందరి ముందు "వేసుకోను" అన్నాక మాట మార్చుకోవడం ఆయనకు కష్టం.

ఒప్పుకున్న రోజున మీరూ వెంట వెళ్లండి, సూది తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టండి. జ్వరమొస్తే వేసుకోవడానికి పారాసిటమాల్ ఇంట్లో ఉందో లేదో ముందే చూసుకోండి, మర్నాడు వంట, పశువుల పని ఎవరు చూస్తారో కూడా ముందే మాట్లాడుకోండి.