ఒపేరా పాట విని శ్రుతి, లయ, భావం పట్టుకోవడం ఎలా

తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి గాత్రం నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయి మొన్న ఫోన్లో ఒక ఒపేరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం) పాట వినిపించి, "ఇది ఏ శ్రుతి సార్, ఎందుకింత దిగులుగా ఉంది?" అని అడిగింది. పాట నిదానంగా సాగుతుంటే తన ఆప్‌లో చూపిస్తున్న టెంపో (లయ వేగం) మాత్రం పరుగెత్తే పాటది. ఆప్ పక్కన పెట్టి ఇద్దరం కూర్చుని చెవితోనే తేల్చాం. కర్ణాటక సంగీతం కొంచెం వచ్చిన ఎవరైనా చేయగలిగిన పనే, అందుకే రాస్తున్నాను.

పాట పేరు 'ఊనా ఫుర్తీవా లాగ్రిమా'. ఇటలీ స్వరకర్త డొనిజెట్టి కూర్చిన 'లెలిజిర్ దమోరే' అనే ఒపేరాలోది, 1832లో మిలాన్‌లో మొదటిసారి ఆడారు. మీరు వేరే పాట తీసుకున్నా పద్ధతి ఇదే.

ముందు శ్రుతి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, తెల్లవారుజామున అయితే మరీ మంచిది, బస్సుల హారన్లు మొదలయ్యాక మంద్రంలో మోగే వాద్యాలు సరిగ్గా వినపడవు. పాట ఎత్తుకున్న స్వరమే షడ్జమం (స) అనుకోవద్దు, పంచమం (ప) మీద ఎత్తుకునే పాటలు బోలెడు. నేరుగా చివరికి వెళ్లి, గాయకుడు ఆఖరి మాట పాడి ఆపాక వాద్యాలు ఏ స్వరం మీద వచ్చి కూర్చున్నాయో దాన్ని హమ్ చేసి తంబురా ఆప్‌లో శ్రుతి మారుస్తూ కలపండి. మాకు ఆరున్నర దగ్గర కలిసింది, పాశ్చాత్యుల లెక్కలో బి ఫ్లాట్. మన శ్రుతి అంకెల్లో ఒకటి అంటే సి, రెండు డి, అలా ఏడు బి. అరలన్నీ హార్మోనియం నల్ల మెట్లు. కొంచెం తేడాగా మోగితే కంగారు పడకండి, ఆర్కెస్ట్రాలన్నీ ఒకే కొలతకు శ్రుతి చేసుకోవు, ఆప్‌లో ఫైన్ ట్యూనింగ్ కాస్త జరిపితే సరిపోతుంది.

తర్వాత గాంధారం చూడండి. పాశ్చాత్య సంగీతంలో ముఖ్యమైన స్వరవరసలు రెండు: సాధారణ గాంధారం (కింది గ) వినిపిస్తే మైనర్, మామూలుగా దిగులుగా తోస్తుంది; అంతర గాంధారం (పై గ) అయితే మేజర్, వెలుగుగా తోస్తుంది. మైనర్ అనగానే నటభైరవి రాగం అని రాసేసుకోవద్దు, చాలాచోట్ల కాకలి నిషాదం (పై ని) వచ్చి కీరవాణి రాగంలా వినిపిస్తుంది.

అసలు అందం ఇక్కడుంది. ఈ పాట ఆరున్నరలో మైనర్‌గా మొదలై, మొదటి చరణం సగంలో ఒకటిన్నర మేజర్‌లోకి వెళ్తుంది. మనవాళ్లకు ఇది గ్రహభేదంలా తోస్తుంది: నటభైరవి గాంధారాన్ని షడ్జమం చేసుకుంటే శంకరాభరణం వస్తుంది కదా, సరిగ్గా అదే దారి. రెండో చరణంలో మళ్లీ మైనర్, కానీ ఈసారి షడ్జమం కదలకుండా గాంధారం మాత్రం తెరుచుకుని ఆరున్నర మేజర్‌లో ముగుస్తుంది. అందుకే మొత్తం పాటకు ఒకే కీ, అంటే ఒకే శ్రుతి, ఒకే స్వరవరస రాస్తే సగం మాత్రమే చెప్పినట్టు, ఏ నిమిషం దగ్గర మారిందో కూడా పక్కన రాసుకోండి.

లయకు గాయకుడి వెంట పడకండి, అతను మాట మీద ఆగుతాడు, సాగదీస్తాడు, చివర్లో వాద్యాలు ఊరుకుంటే ఒంటరిగా సంగతులు వేస్తాడు. మొదట్లో బసూన్ (ఊదే వాద్యం) పాడుతుంటే వెనక హార్ప్ (తీగల వాద్యం) మీటు వస్తుంది, దానికి చెయ్యి వేయండి. తాళం 6/8, అంటే రెండు దెబ్బలు, ఒక్కోదాంట్లో మూడు అక్షరాలు, తిశ్ర గతి అనుకోండి. 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి 4తో గుణిస్తే బీపీఎం, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో. మూడు చోట్ల లెక్కపెట్టి సగటు తీయండి. ఆప్ చూపించే అంకె దీనికి మూడు రెట్లు దరిదాపుల్లో ఉంటే అది దెబ్బల్ని వదిలి అక్షరాల్ని లెక్కపెట్టిందన్నమాట. స్వరకర్త రాసిన మాట లార్గెట్టో, నిదానమే గాని మరీ ఈడ్చేది కాదు.

పాత రికార్డింగ్ అయితే ఇంకో జాగ్రత్త. ఇటలీ గాయకుడు కరూసో ఈ పాటను 1904లో పియానోతో పాడి రికార్డు ఇచ్చాడు. ఆ రోజుల్లో డిస్కులన్నీ ఒకే వేగంతో తిరిగేవి కావు. పాత డిస్కును కొత్త రూపంలోకి ఎక్కించేటప్పుడు వేగం 6 శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు ఎక్కి ఆరున్నర కాస్తా ఏడు అయిపోతుంది, లయా అంతే పెరుగుతుంది. ఒక కొత్త రికార్డింగ్‌తో పోల్చకుండా అంకెలు రాయొద్దు.

ఇక భావం. మైనర్, నిదానం, కన్నీటి చుక్క అని పేరు, ఇవన్నీ చూసి ఆ అమ్మాయి శోకం అనుకుంది. కథ తెలుసుకోకుండా ఇది తేలదు. పాడేవాడు నెమొరీనో అనే పేద పల్లెటూరి కుర్రాడు. తను మనసు పడ్డ అదీనా కంట్లో, దాచుకుంటున్నా దాగని ఒక చుక్క చూశాడు, అంటే తనంటే ఆమెకు ప్రేమే. "నన్ను ప్రేమిస్తోంది" అనే మాట దగ్గరికి వచ్చేసరికి సంగీతం మేజర్‌లోకి జరిగిపోయి ఉంటుంది. దుఃఖం కాదు అది, నమ్మలేనంత సంతోషం. తిరగేసి చూడాలంటే 1762 నాటి, గ్లుక్ అనే స్వరకర్త ఒపేరాలో ఓర్ఫియో భార్యను రెండోసారి పోగొట్టుకుని పాడే పాట వినండి, గుండె పిండే సందర్భం, ఉన్నది మాత్రం సి మేజర్‌లో.

అందుకని భావం ఏమిటంటే ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఇటాలియన్ మాటల అర్థం ముందు పెట్టుకుని ఇంకోసారి విని, ఎవరు, ఎవరి గురించి, ఏం జరిగాక పాడుతున్నారో ఒక వాక్యంలో రాయండి. ఆ అమ్మాయి చివరికి రాసుకున్నది ఇది: "ఆరున్నర, మైనర్ నుంచి మేజర్, తిశ్రం, నిదానం, ఆమె ఏడవడం చూసి ఇతను సంతోషపడుతున్నాడు."