తోడుపెట్టిన చద్దన్నం: పొట్టకు మేలు చేసేలా ఎలా చేసుకోవాలి

నీళ్లు పోసి వదిలేసిన అన్నం గిన్నెలో, గాలిలో ఏ బ్యాక్టీరియా ఉంటే దానితోనే పులుస్తుంది. పాలు పోసి తోడేసిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియాను మనమే వేస్తాం. పొట్ట కోసం తినేవాళ్లు ఈ రెండోదే చేసుకోవడం మంచిది.

ఇద్దరికి అప్పుడే వండిన అన్నం రెండు కప్పులు, కాచిన పాలు రెండున్నర కప్పులు, పుల్లబడని పెరుగు ఒక టీస్పూను కావాలి. ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి చీల్చి రాత్రే వేయొచ్చు. ఉప్పు మాత్రం పొద్దున తినేముందే.

అన్నం మెత్తగా వండి, వేడిగా ఉండగానే గరిటెతో మెదిపి పాలు పోయండి. తోడు వేయడానికి తొందరపడొద్దు. గిన్నె అంచు చల్లబడినా నడిమి అన్నం కాలుతూనే ఉంటుంది. అడుగుదాకా కలిపి, శుభ్రమైన వేలు ముంచితే పది లెక్కపెట్టేదాకా హాయిగా ఉంచగలగాలి. అంటే సుమారు 40 డిగ్రీలు. 50 దాటితే తోడు దెబ్బతింటుంది. పెరుగును రెండు చెంచాల పాలలో గిలక్కొట్టి కలపండి, గడ్డగా వేస్తే ఒకచోటే తోడుకుంటుంది.

గోరువెచ్చన అవగానే తోడు పడాలి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు (గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) అన్నం ఉడికినా చావవు. అన్నం గంటలకొద్దీ బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషాల్లో ఒకటి మళ్లీ వేడిచేసినా పోదు. తోడు వల్ల పులుపు పెరిగితే ఆ బ్యాక్టీరియా ఎదగలేదు. కానీ అప్పటికే తయారైన విషాన్ని తోడు పోగొట్టలేదు. అందుకే మధ్యాహ్నం మిగిలి, సాయంత్రందాకా బయటే ఉన్న అన్నాన్ని దీనికి వాడొద్దు.

ఎండాకాలంలో ఆరేడు గంటలు, చలికాలంలో పది పన్నెండు గంటలు పడుతుంది. పొద్దునకి పాలు పాలుగానే ఉంటే తోడు వేసేటప్పటికే బాగా చల్లారి ఉండొచ్చు, లేదా మరీ వేడిగా ఉండి తోడు దెబ్బతిని ఉండొచ్చు. మరీ పుల్లగా ఉంటే ఎక్కువసేపు ఉంచారు. తీగలు సాగితే తోడు మార్చండి. బూజు, గులాబీ మచ్చ, కుళ్లు వాసన ఉంటే మొత్తం పారబోయండి.

పోపు చల్లారాకే కలపండి. మజ్జిగపులుసులోనైనా, ఇడ్లీలోనైనా మరిగే వేడికి బతికి ఉన్న బ్యాక్టీరియా చాలావరకు చస్తుంది.

పాలు పడనివాళ్లకు పెరుగు కాస్త సులువుగా అరగడానికి కారణం అందులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను (పాలలోని చక్కెరను) విడగొట్టడమే. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం అరగకుండా పెద్దపేగుదాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. ఉల్లిపాయలోని ఫ్రక్టాన్‌లు అనే పీచుపదార్థాలూ అంతే. అయితే ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం తెచ్చే పేగు సమస్య) ఉన్నవాళ్లకు ఆ ఉల్లిపాయే ఉబ్బరం తెస్తుంది, వేయకండి. దీన్ని మందుగా మాత్రం చూడొద్దు. డాక్టరు రాసిన ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న) క్యాప్సూల్‌లో ఏ రకం బ్యాక్టీరియా ఎంత ఉందో తెలుస్తుంది, ఇంటి తోడులో ఆ లెక్క ఉండదు.

సిప్రోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయోటిక్ మాత్రలు పెరుగుతో కలిపి వేసుకోకూడదు. కాల్షియం వాటిని ఒంటికి పట్టనివ్వదు. ఎంత ఎడం ఇవ్వాలో డాక్టర్ని అడగండి. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు డాక్టర్ని అడక్కుండా దీన్ని మొదలుపెట్టొద్దు.

మర్నాటి తోడుకు పెరుగును ఉప్పు, పోపు తగలకముందే తడిలేని చెంచాతో తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.